కేరళ బడుల్లో లినక్స్: పనిచేసింది సాఫ్ట్‌వేరా, టీచర్లా?

కేరళలో సర్కారు హైస్కూల్లో గానీ ఎయిడెడ్ హైస్కూల్లో గానీ ల్యాబ్‌లోకి వెళ్లి కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ రాదు. లినక్స్ వస్తుంది, అంటే ఎవరైనా ఊరికే వాడుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం. అందులో ఉబుంటు అనే రకాన్ని తీసుకుని ఆ రాష్ట్రం తన సిలబస్‌కు తగ్గట్టు మలుచుకుంది. రాతకోతలకు లిబ్రేఆఫీస్, బొమ్మలకు జింప్, ఇంక్‌స్కేప్, లెక్కలకు జియోజీబ్రా, చిన్న తరగతులకు జీకాంప్రి అన్నీ అందులో ముందే ఎక్కించి ఉంటాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఐటీ ప్రాక్టికల్ కూడా దీని మీదే రాస్తారు. దాదాపు రెండు దశాబ్దాలుగా ఇదే పద్ధతి. ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు, పద్ధతి మాత్రం మారలేదు. మన దేశంలో విద్యాశాఖ పథకాల ఆయుష్షు ఎంతో తెలిసినవాళ్లకు అసలు ఆశ్చర్యం కలిగించేది ఇదే.

ఎందుకు నిలిచిందని అడిగితే అందరూ ముందు డబ్బు లెక్క చెబుతారు. బడుల్లో ఐటీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ కైట్ 2019లో ఒక అంకె ప్రకటించింది. 2 లక్షలకు పైగా కంప్యూటర్లు, ఒక్కోదానికి లైసెన్సుల రూపంలో లక్షన్నర చొప్పున మిగులు, మొత్తం 3,000 కోట్ల రూపాయల ఆదా అని. పత్రికలు ఆ అంకెను సంబరంగా వేశాయి. కొంచెం నిదానించి చూస్తే అది కాగితం మీది లెక్క. ఐదో తరగతి పిల్లలు వాడే కంప్యూటర్‌లోకి లక్షన్నర పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే ప్రభుత్వం ఎక్కడా ఉండదు. లక్షల్లో ఆర్డరిస్తే కంపెనీలు ధర తగ్గిస్తాయి, బడులకైతే ఒక్కోసారి ఊరికే ఇస్తాయి. మిగిలిన డబ్బు నిజమే కానీ అంత ఉండదు. పైగా ఖర్చే కారణమైతే, రేపు ఏదైనా కంపెనీ వచ్చి అంతా ఉచితమంటే ఈ వాదన అక్కడితో ఆగిపోవాలి. అలాంటి ఆఫర్లు వచ్చిన కాలంలోనూ కేరళ అటు వెళ్లలేదు. కారణం ఇంకెక్కడో ఉంది.

కథ 2001లో మొదలైంది. ఆ ఏడాది రెండు పనులు జరిగాయి. ఒకటి, బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ఐటీ@స్కూల్ అనే ప్రాజెక్టు. రెండోది, అందరూ వాడుకుని మార్చుకునే హక్కున్న సాఫ్ట్‌వేర్ కోసం ఉద్యమం నడిపిన అమెరికా ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ జూలైలో తిరువనంతపురం వచ్చి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఇండియా శాఖను ప్రారంభించడం. ఈ రెండూ అప్పుడే కలిశాయని అనుకుంటే పొరపాటు. బడుల్లో మొదట వచ్చినవి విండోస్, ఎమ్మెస్ ఆఫీస్ చుట్టూ తిరిగే పుస్తకాలే. పిల్లలు నేర్చుకున్నది కంప్యూటర్ అనడం కన్నా ఒక కంపెనీ మెనూలు అనడం సబబు. దీని మీద గొడవ చేసినవాళ్లు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఒక్కరే కారు, ఉపాధ్యాయ సంఘాలు కూడా. సర్కారు డబ్బుతో ఒక కంపెనీకి ఖాతాదారులను తయారు చేసి పెట్టడం ఏమిటని వాళ్లు నిలదీశారు. దాంతో ముందు పుస్తకాల్లో లినక్స్ కూడా చేరింది. తర్వాత మెల్లగా విండోస్ తప్పుకుంది. 2008 నాటికి పదో తరగతి ఐటీ పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి వచ్చింది.

ఉపాధ్యాయ సంఘం అనగానే డీఏ బకాయిలు, బదిలీల కౌన్సెలింగ్, పీఆర్సీ గుర్తొచ్చే మనకు ఇది వింతగా తోచవచ్చు. ఆపరేటింగ్ సిస్టం లైసెన్సు మీద టీచర్లు ఆందోళన చేయడమేమిటి? దీనికి జవాబు కోసం ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి.

1962లో కోళికోడ్‌లో కొందరు రచయితలు, శాస్త్రం చదివినవాళ్లు కలిసి మలయాళంలో సైన్సు రాయడానికి కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు పెట్టుకున్నారు. పదేళ్లు గడిచేసరికి అది పుస్తకాలు దాటి ఊళ్లలోకి వెళ్లింది, సామాజిక విప్లవానికే శాస్త్రం అన్న నినాదం ఎత్తుకుంది. సభ్యుల్లో పెద్ద వాటా బడిపంతుళ్లదే. 1989లో ఎర్నాకుళం జిల్లాలో కలెక్టరేటూ పరిషత్తూ చేయి కలిపి, సుమారు 20 వేల మంది వాలంటీర్లతో నిరక్షరాస్యుల ఇళ్ల తలుపులు తట్టాయి. జీతం ఎవరికీ లేదు. 1990 ఫిబ్రవరి 4న అది దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 18న కోళికోడ్ మైదానంలో, పెద్ద వయసులో అక్షరాలు దిద్దిన మలప్పురం మహిళ చేలక్కోడన్ ఆయిషా రాష్ట్రం మొత్తం సంపూర్ణ అక్షరాస్యమైందని ప్రకటించారు. 1991 జనగణన ప్రకారం కేరళ అక్షరాస్యత 89.8 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌ది 44.1.

ఆ ఉద్యమంలో తిరిగినవాళ్లే పదేళ్ల తర్వాత ఐటీ@స్కూల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చే మాస్టర్ ట్రైనర్లు అయ్యారని అంటే మరీ సూటిగా గీత గీసినట్టవుతుంది. కానీ వాతావరణం అదే. సాయంత్రం ఐదు తర్వాత కూడా ఊరి కోసం ఏదో ఒక పని పెట్టుకోవడం, తెలిసినది పక్కవాడికి చెప్పడం, సర్కారు విధానాన్ని తన సొంత వ్యవహారంలా తీసుకుని కొట్లాడటం అక్కడి టీచర్లలో ఒక వర్గానికి అలవాటైపోయింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చేది నాలుగు హక్కులు: ఇష్టమొచ్చిన పనికి వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచొచ్చు. వీటిలో మొదటిది అందరికీ పనికొస్తుంది. మిగతా మూడూ పనికిరావాలంటే చూసేవాళ్లు, మార్చేవాళ్లు, పంచేవాళ్లు కావాలి. కేరళకు వాళ్లు ముందే ఉన్నారు, సాఫ్ట్‌వేర్ తర్వాత వచ్చింది. వరుస అటుదిటైతే ఫలితం ఇలా ఉండేది కాదని నా అంచనా.

చదువు అలా సమాజాన్ని కదపడం తెలుగువాళ్లకు తెలియనిదేం కాదు. ఎర్నాకుళం చూసి నెల్లూరు జిల్లాలోనూ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది, మొగుడి తాగుడుకు బలైపోయిన ఆడమనిషి కథ. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు ఇది మన కథే కదా అని, వర్ధినేని రోశమ్మ ముందు నడవగా ఊళ్లో సారా దుకాణం మూయించారు. అక్కణ్నుంచి ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు, ఆపైన సంపూర్ణ మద్యనిషేధం ఎన్నికల వాగ్దానమైంది. రాత్రి బడి వాచకం ఒకటి ఎక్సైజు ఆదాయాన్నే కుదిపేసింది. అయితే ఆ రాత్రి బడులకు కొనసాగింపు లేకపోయింది. ఉద్యమం మిగిల్చిన మనుషులను ఆ తర్వాత ఏ శాఖా తన పనిలోకి తీసుకోలేదు. కేరళకూ మనకూ తేడా పడింది ఇక్కడే.

మళ్లీ బడి ల్యాబ్‌లోకి వద్దాం. అక్కడ పదో తరగతి ఐటీ పుస్తకంలో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్పుతూ వచ్చారు. ప్రభుత్వ సర్వే శాఖలు, టౌన్ ప్లానింగ్ ఆఫీసులు వాడే స్థాయి సాఫ్ట్‌వేర్ అది. తెర మీద ఒక ఊరి పటం ఉంటుంది, రోడ్లు ఒక పొర, ఇళ్లు ఒక పొర, బావులు ఇంకో పొర. రోడ్డు మీద నొక్కి, దానికి రెండు పక్కలా ఇన్ని మీటర్లు అని ఇస్తే ఒక పట్టీ గీసుకుంటుంది. ఆ పట్టీ కింద ఎన్ని ఇళ్లు పడ్డాయో, ఏ బావి పోతుందో లెక్క వచ్చేస్తుంది. రోడ్డు వెడల్పు చేస్తామని మున్సిపాలిటీ నోటీసు ఇస్తే మన ఊళ్లో ఏం జరుగుతుంది? మార్కింగ్ ఎక్కడిదాకా వస్తుందో తెలియక టెన్షన్ పడుతూ కౌన్సిలర్ ఇంటి చుట్టూ తిరగడం. అదే లెక్కను ఆ ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల చేసి చూపగలదంటే ఆఫీసుకూ జనానికీ మధ్య దూరం కొంత తగ్గినట్టే. ఇదే తరహా పనికి వాడే వాణిజ్య సాఫ్ట్‌వేర్ ఖరీదెక్కువ. బడిలో ఎలాగో నేర్పినా ఇంటికి తీసుకెళ్లే వీలుండదు. ఇది పెన్‌డ్రైవ్‌లో ఇంటికి వెళ్తుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పరీక్షకు చదివి మరచిపోయే పిల్లలే ఎక్కువ అనుకున్నా, ఏటా 4 లక్షలకు పైగా పిల్లలు పదో తరగతి దాటే రాష్ట్రంలో కొద్దిమందికి గుర్తున్నా చాలు.

భాష విషయంలోనూ ఇదే తీరు. కాలికట్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి ఒకరు మొదలుపెట్టిన స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద బృందం రెండు దశాబ్దాలకు పైగా ఫాంట్లు, మలయాళ అనువాదాలు, స్పెల్‌చెక్ లాంటివి చేస్తూ వచ్చింది. మీర, రచన, మంజరి ఫాంట్లు ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చు. బడి కంప్యూటర్లలో మలయాళం సాఫీగా నడవడం వెనక వీళ్ల చాకిరీ ఉంది.

తెలుగులో అలాంటి పని జరగలేదనడం అన్యాయం. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ కోసం శ్రమించింది. సురవరం, మండలి, రామభద్ర, గిడుగు లాంటి, ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే చదవగలిగే యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. కానీ ఏ ఊళ్లోనైనా డీటీపీ సెంటర్‌కు వెళ్లి పెళ్లిపత్రిక వేయించుకోండి. ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. అందులో కొట్టిన తెలుగును తెచ్చి ఈమెయిల్లో పెడితే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన పిచ్చిగీతలు కనిపిస్తాయి. దశాబ్దాల పాటు అచ్చయిన తెలుగు పుస్తకాల ఫైళ్లు ఇలాగే ఉన్నాయి. గూగుల్‌కు దొరకవు, కన్వర్టర్‌లో వేసి తప్పులు దిద్దుకుంటే తప్ప ఎందుకూ పనికిరావు. మంచి ఫాంటు ఊరికే దొరుకుతున్నా డీటీపీ ఆపరేటర్ మారలేదు, ఎందుకంటే అతని వేళ్లకు అలవాటైన కీబోర్డు వేరు, కొత్తది నేర్పే ఏర్పాటు ఎవరూ చేయలేదు. ఓపెన్ టెక్నాలజీని ఇంటర్నెట్‌లో పెట్టేస్తే పనైపోయిందనుకునేవాళ్లు అతని పక్కన ఒక పూట కూర్చుని చూడాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో కంప్యూటర్లు కేరళకు మరీ వెనక ఏమీ రాలేదు. 2008 ప్రాంతంలో వేల హైస్కూళ్లకు ల్యాబులు వచ్చాయి. దారి మాత్రం వేరు. ప్రైవేటు ఏజెన్సీలకు టెండర్లు పిలిచారు. మిషన్లు వాళ్లవే, పాఠం చెప్పేవాళ్లు వాళ్ల కాంట్రాక్టు మనుషులే, ఐదేళ్ల తర్వాత ల్యాబు బడికి అప్పగించి వెళ్లిపోవాలి. కాగితం మీద చక్కటి ఏర్పాటు. నడిచిన ఐదేళ్లూ లెక్కల మాస్టారు, సైన్సు మేడం ఆ గదిలోకి పోవాల్సిన అవసరమే పడలేదు, కంప్యూటర్ క్లాసు వేరే వాళ్ల పని. గడువు ముగిశాక బడికి దక్కింది పాతబడ్డ మిషన్లు, వాటిని వాడటం రాని సిబ్బంది. కేరళలో ఆ లెక్కల మాస్టారికే శిక్షణ ఇచ్చారు. ఆయన జియోజీబ్రాలో త్రిభుజం గీసి, శీర్షాన్ని మౌస్‌తో పట్టుకుని ఎటు లాగినా మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలే ఉండటం పిల్లలకు చూపించాడు. ల్యాబు ఆయన సబ్జెక్టులో భాగమైంది. ఉద్యోగం పర్మినెంటు కాబట్టి నేర్చుకున్నది కాంట్రాక్టుతో పాటు వెళ్లిపోలేదు.

పదిహేనేళ్ల తర్వాత ఇంకో రూపంలో అదే ముచ్చట. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ బైజూస్ అనే ఆన్‌లైన్ పాఠాల కంపెనీ పాఠాలు నింపిన ట్యాబులు 5 లక్షలకు పైగా పంచడం మొదలుపెట్టారు. పాఠాలు కంపెనీ ఉచితంగా ఇచ్చిందన్నారు, చాలామంది పేదపిల్లల చేతికి మొదటిసారి ఒక పరికరం అందింది, దాన్ని తీసిపారేయలేం. కానీ 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పుస్తకం మారితే ట్యాబులో పాఠం ఎవరు మార్చాలి? తప్పు దొర్లితే ఏ టీచరు దిద్దగలరు? ఉచితంగా వచ్చింది, కానీ చెయ్యి పెట్టే వీలు లేదు. లైసెన్సు గురించి మాట్లాడటం మేధావుల కాలక్షేపం అనుకునేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కేరళలో ఈ ధోరణి బడి దగ్గరే ఆగిందా అంటే, ఒక చోట దాటింది. విద్యుత్ బోర్డు లోటెన్షన్ వినియోగదారుల (ఇళ్లు, దుకాణాల లాంటివాటి) బిల్లింగ్ కోసం ఒరుమ అనే సాఫ్ట్‌వేర్‌ను బయటి కంపెనీకి ఇవ్వకుండా తన సొంత ఉద్యోగులతోనే, లినక్స్ మీద రాయించుకుంది. రాసినవాళ్లకు సెక్షన్ ఆఫీసు పని తెలుసు, టారిఫ్ మారితే ఎక్కడ దిద్దాలో తెలుసు. మిగతా శాఖల్లో ఇంత సాఫీగా సాగలేదు.

ఇక లోపాల సంగతి. కరోనా వల్ల 2020 జూన్ 1న బడులు టీవీలోకి మారినప్పుడు కేరళ మిగతా రాష్ట్రాల కన్నా సిద్ధంగా ఉంది. 2005 నుంచి నడుస్తున్న సొంత విద్యా చానల్ విక్టర్స్ ఉంది, పాఠం తయారు చేయగల టీచర్లున్నారు. అయినా సుమారు 2.6 లక్షల మంది పిల్లల ఇళ్లలో టీవీ గానీ ఇంటర్నెట్ గానీ లేవని ప్రభుత్వ సర్వేలోనే తేలింది. క్లాసులు మొదలైన రోజే మలప్పురం జిల్లాలో ఒక దళిత విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయి ఉందని, పాఠం అందదన్న బెంగే కారణమని కుటుంబం చెప్పింది. ఆ తర్వాత గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో, క్లబ్బుల్లో టీవీలు పెట్టి గడ్డెక్కారు. అదే ఏడాది అక్టోబరు 12న 4,752 బడుల్లో 45 వేల తరగతి గదులు హైటెక్ అయ్యాయని చెప్పి, ప్రభుత్వ విద్య పూర్తిగా డిజిటల్ అయిన తొలి రాష్ట్రంగా ప్రకటించుకున్నారు. గది హైటెక్ అవడం ఒక సంగతి, ఇంట్లో నెట్ ఉండటం మరొకటి. అందుకే ప్రభుత్వ ఫైబర్ నెట్‌వర్క్ కేఫోన్ తెచ్చారు. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇస్తామన్నది మాట. 2023 జూన్ 5న ప్రారంభించినప్పుడు తొలి విడతకు పెట్టుకున్న లక్ష్యం 14 వేల ఇళ్లు, నియోజకవర్గానికి వంద.

పెద్దల చదువు దగ్గరికి వస్తే ఒక చిత్రమైన మెలిక కనిపిస్తుంది. తిరువనంతపురం జిల్లా పుల్లంపార పంచాయతీ ఊళ్లో అందరికీ స్మార్ట్‌ఫోన్ నేర్పించి 2022లో సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత ప్రకటించుకుంది. దాన్ని రాష్ట్రమంతా తీసుకున్నారు. 2.57 లక్షల మంది వాలంటీర్లు 83 లక్షల ఇళ్లు తిరిగారు, ఫోన్ వాడటం రానివాళ్లు 21.88 లక్షల మంది తేలారు. ఉపాధి హామీ పని జరిగే చోట, కుటుంబశ్రీ మహిళా సంఘాల సమావేశాల్లో, గ్రంథాలయాల్లో వాళ్లకు నేర్పించి, 2025 ఆగస్టు 21న రాష్ట్రం మొత్తం డిజిటల్ అక్షరాస్యం అని చెప్పారు. నేర్చుకున్నవాళ్లలో వందేళ్లు దాటినవారూ ఉన్నారు. ఎర్నాకుళం నాటి పద్ధతే ఇది, ముప్పై అయిదేళ్ల తర్వాత కూడా పనిచేసింది. అయితే నేర్పింది ఏమిటి? వీడియో కాల్, వాట్సాప్, యూట్యూబ్, ఆన్‌లైన్లో కరెంటు బిల్లు. రోజువారీ జీవితానికి అవే కావాలి కాబట్టి తప్పు పట్టలేం. కానీ ఒక కంపెనీ మెనూలు బడిలో నేర్పొద్దని కొట్లాడిన సమాజమే, పెద్దల విషయానికొచ్చేసరికి ఇంకో రెండు కంపెనీల మెనూలను ఇంటింటికీ తిరిగి నేర్పింది. బడిలో కంప్యూటర్ ఎంపిక విద్యాశాఖ చేతిలో ఉంది, అక్కడ పోరాడి మార్చారు. ఫోన్ ఎంపిక బజారు చేతిలో ఉంది. అక్కడ పోరాడటానికి ఏ శాఖ గుమ్మం ముందు కూర్చోవాలో ఎవరికీ తెలియదు.

అంతకన్నా గట్టి చిక్కు ఉద్యోగాలది. 2023–24 కార్మిక సర్వే ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వయసువారిలో నిరుద్యోగం కేరళలో 30 శాతానికి దగ్గర, దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. బడిలో పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్న పిల్ల పని వెతుక్కుంటూ బెంగళూరు, హైదరాబాద్, లేకుంటే ఇంగ్లండ్ వెళ్తోంది. ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఇన్నేళ్లు నేర్పినా హైదరాబాద్ లాంటి ఐటీ పరిశ్రమ అక్కడ పెరగలేదని వెక్కిరించేవాళ్లున్నారు. ఆ పోలిక నాకు సరిగా అనిపించదు. హైదరాబాద్ పరిశ్రమను నిలబెట్టింది భూమి, రాయితీలు, ఇంజనీరింగ్ కాలేజీలు, అమెరికా ఆర్డర్లు. సర్కారు బడులకు అందులో పెద్ద పాత్ర లేదు. బడి సాఫ్ట్‌వేర్ విధానం నుంచి పరిశ్రమను ఆశించడం ఎంత తప్పో, పరిశ్రమ ఉంది కదా అని బడుల్లో ల్యాబులకు తాళాలు వేసుకుని కూర్చోవడం అంతకంటే తప్పు.

కేరళలో 2018లో మొదలైన లిటిల్ కైట్స్ అనే విద్యార్థుల ఐటీ క్లబ్బులు రెండు వేలకు పైగా బడుల్లో ఉన్నాయి. అభిరుచి పరీక్ష పెట్టి బడికి కొద్దిమందినే తీసుకుంటారు, వాళ్లకు యానిమేషన్, ప్రోగ్రామింగ్, ఎలక్ట్రానిక్స్ నేర్పుతారు. ల్యాబులో చిన్నాచితకా మరమ్మతులకూ వాళ్లే దిక్కు. ఎంపికైనవాళ్లకే మంచి పరికరాలు దక్కుతాయన్న అసంతృప్తికి ఇక్కడ తావుంది. 2025 జూన్ నుంచి పదో తరగతిలో రోబోటిక్స్ అందరికీ తప్పనిసరి చేశారు, ఆర్డ్యూనో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులతోనే. దాని డిజైన్ కూడా తెరిచి పెట్టినదే, ఎవరైనా తయారు చేసుకోవచ్చు. క్లబ్బులో ఇరవై ముప్పై మందికి నేర్పడం వేరు, 4 లక్షల మందికి పాఠంగా చెప్పడం వేరు. ఇప్పుడు వైరు ఎక్కడ కలపాలో, కోడ్‌లో తప్పు ఎక్కడుందో చూపాల్సింది మళ్లీ ఆ లెక్కల మాస్టారూ సైన్సు మేడమే. వేసవి సెలవుల శిక్షణలో వాళ్లు ఎంత నేర్చుకున్నారన్నదాని మీదే ఈ విడత నడక ఆధారపడి ఉంది.